పైన రింగులు, కింద దారం: ఈ జుట్టుతో ఎలా వేగాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గొడవ. స్ట్రెయిటెనింగ్ మానేశాం, అసలు జుట్టు వస్తోంది, కానీ తల రెండు రకాలుగా ఉంది అని. అందుకని ఒకటి వివరంగా, మిగతావి క్లుప్తంగా.

ప్రశ్న: అక్కా, మాది మధురవాడ, రుషికొండ వైపు ఐటీ ఉద్యోగం. నాది చిన్నప్పటి నుంచి రింగుల జుట్టు. 2021లో ఒకసారి, తర్వాత ఇంకో రెండుసార్లు స్ట్రెయిటెనింగ్ చేయించాను. ఆఖరిది అయి 14 నెలలైంది, ఇక చేయించనని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు పైన కొబ్బరి పీచులా లేచి ఉంటుంది, కింద తడిసిన దారంలా వేలాడుతుంది. రోజూ పొద్దున మెషీన్ పెట్టి పైది కూడా సాఫీ చేసుకుంటున్నా, స్కూటీ మీద ఆఫీసుకు చేరేలోపు మళ్లీ లేస్తోంది. పైగా జుట్టు పెరగడమే లేదు. మాఘమాసంలో పెళ్లి. మా అమ్మేమో “ఇంకొక్కసారి చేయించెయ్, పీడా పోతుంది” అంటోంది. నడుము దాకా ఉన్న జుట్టు కత్తిరించడానికి చెయ్యి రావట్లేదు. ఏం చెయ్యను?

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. ముందు ఒక పని చెయ్యి. దువ్వెనకు కుదురుతో సహా ఊడి వచ్చిన వెంట్రుక ఒకటి తీసుకుని, తడిపి, తెల్ల రుమాలు మీద పరిచి చూడు. కుదురు వైపు వేలెడంత మేర స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, అక్కడి నుంచి ఉన్నట్టుండి కుట్టుదారంలా సాఫీగా పోతుంది. ఇప్పుడు రెండు కొసలూ పట్టుకుని మెల్లిగా లాగు. చాలాసార్లు ఆ రెండూ కలిసే చోటే పుటుక్కున తెగుతుంది. నీ కష్టమంతా ఆ అతుకు దగ్గరే ఉంది, మిగతాది అద్దంలో చూసుకున్నప్పుడు కలిగే విసుగు.

ఆ స్ప్రింగు ముక్కను సాగదీసి స్కేలు పెట్టి కొలువు. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు, కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది, అంటే నీకు 14 నుంచి 16 సెంటీమీటర్లు వచ్చి ఉండాలి. వదిలేస్తే చుట్టుకుపోయి అందులో సగమే కనబడుతుంది కాబట్టి పెరగట్లేదని బెంగపడుతున్నావు. నిక్షేపంగా పెరుగుతోంది.

మన పార్లర్లలో స్ట్రెయిటెనింగ్‌కు వాడే క్రీముల్లో ఎక్కువగా ఉండేది థయోగ్లైకోలేట్. వెంట్రుక లోపల కెరటిన్ పోగుల్ని పట్టి ఉంచే గంధకపు బంధాలను అది తెంచుతుంది, ఆ పైన వేడి మెషీన్‌తో సాగదీసి, న్యూట్రలైజర్ పేరుతో రాసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆ సాఫీ ఆకారంలోనే మళ్లీ ముడి వేసేస్తారు. కాబట్టి ఆ భాగం ఇక ఏ నూనె పట్టించినా, ఏ మాస్కు వేసినా రింగు తిరగదు. తిరుగుతుందని చెప్పి అమ్మేవాళ్లున్నారు, వాళ్లకు డబ్బు తగలెయ్యకు. కుదురు మాత్రం చర్మం కింద ఉంటుంది, వెంట్రుక ఆకారం తేల్చేది అదే, దాన్ని ఆ క్రీము మార్చలేదు. అందుకే పైన వచ్చేది అచ్చంగా నీ జుట్టే.

ఫోన్లో చూస్తున్న వీడియోల గురించి ఒక మాట. ఈ రెండు రకాల జుట్టుతో వేగడంలో ఆరితేరినవాళ్లు అమెరికాలోని నల్లజాతి ఆడవాళ్లు, “ట్రాన్సిషనింగ్” (మందు మానేసి మెల్లగా అసలు జుట్టుకు మారడం) అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. చిక్కు ఎలా తియ్యాలి, ఎలా చుట్టి పడుకోవాలి లాంటివి వాళ్లు చెప్పినవి కళ్లు మూసుకుని పాటించు. కానీ జుట్టు సాఫీ చెయ్యడానికి వాళ్లు వాడే రిలాక్సర్ వేరే మందు, సోడియం హైడ్రాక్సైడో, కాల్షియం హైడ్రాక్సైడ్‌తో గ్వానిడినో ఉంటుంది. మన క్రీముకూ దానికీ పడదు. ఒకదాని మీద ఇంకొకటి పడితే జుట్టు చేతిలోకి వచ్చేస్తుంది. సెలవులకొచ్చిన బంధువులు అక్కడి డబ్బా ఏదైనా తెచ్చిస్తే థాంక్స్ చెప్పి బీరువాలో పెట్టెయ్.

ఇక నీ పొద్దుటి మెషీన్. నీళ్లు తగిలితే వీడిపోయి, ఆరితే ముడిపడే చిన్న బంధాలు వెంట్రుకలో బోలెడుంటాయి. మెషీన్ మార్చేది వాటినే. విశాఖలో ఉంటూ సముద్రపు గాలి తగలకుండా బీచ్ రోడ్డు ఎలా దాటతావు? ఆ తేమకు బంధాలు వీడిపోతాయి, పైన రింగులు లేస్తాయి, కిందది అలాగే వేలాడుతుంది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఫొటో తీసుకుంటే ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది! ఇదంతా పోనీ అనుకున్నా, రోజూ కాల్చగా కాల్చగా కొత్తగా వస్తున్న రింగులు కూడా శాశ్వతంగా సాగిపోతాయి. 14 నెలలు ఓపిక పట్టింది ఎందుకు మరి?

నేను చెప్పేది దీనికి తలకిందులు. పైదాన్ని కిందదానిలా చెయ్యడం మానేసి, కిందదాన్ని పైదానిలా చెయ్యి. మెషీన్ అక్కర్లేదు, నీళ్లు చాలు. తలస్నానం రాత్రికి మార్చుకో. జుట్టు ఇంకా తడిగా ఉండగానే ఎనిమిది పాయలు తీసి, ఒక్కో పాయకూ కాస్త అవిసె గింజల జెల్ రాసి, సన్నటి జడలు అల్లు. సాఫీ కొసలు మాట వినవు కాబట్టి చివరి జానెడు మేర పాత మెత్తటి గుడ్డ ముక్కకు చుట్టి ముడి వెయ్యి. మా పెద్దమ్మ కాలంలో కాగితం చుట్టలతో చేసేవాళ్లు ఇదే పని. పొద్దున పూర్తిగా ఆరాక మాత్రమే విప్పాలి, లోపల కాస్త చెమ్మ ఉన్నా పది నిమిషాల్లో మళ్లీ దారమే. విప్పాక దువ్వకు, వేళ్లతో విడదియ్యి. వానాకాలంలో రాత్రంతా ఆరకపోతే ఫ్యాను కింద కూర్చో, లేదా డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టు.

జెల్ ఇంట్లోనే అవుతుంది. రెండు చెంచాల అవిసె గింజలు ఒకటిన్నర కప్పు నీళ్లలో వేసి సన్నసెగ మీద కలుపుతూ ఉండు. గరిట ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగగానే దించేసి, వేడి ఉండగానే పాత చున్నీలో వడకట్టెయ్. చల్లారిందా, ఇక గుడ్డలోంచి చుక్క దిగదు, పిండలేక నీ చేతులు పడిపోతాయి (నా అనుభవం). ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. గింజలు పూర్ణా మార్కెట్‌లో ఏ పచారీ కొట్లో అడిగినా ఇస్తారు. బయట కొనే జెల్ అయితే సీసా వెనక పదార్థాల జాబితాలో గ్లిజరిన్ ముందు వరసలో ఉన్నది వద్దు. గాలిలో తేమను లాగుతుంది, మన ఊరి ఉక్కకు తల బుట్టలా అవుతుంది.

తలంటు వారానికి రెండుసార్లు చాలు. షాంపూ మాడుకే, కిందికి కారే నురగ కొసలకు సరిపోతుంది. కండిషనర్ మాత్రం అతుకు నుంచి కొసల దాకా దండిగా పట్టించి, అది ఉండగానే పెద్దపళ్ల దువ్వెనతో చిక్కు తియ్యి. నాలుగు పాయలు చేసుకుని, కొసల నుంచి మొదలుపెట్టి పైకి రా. దువ్వేటప్పుడు రెండో చేత్తో అతుకు పైన గట్టిగా పట్టుకుంటే లాగుడు దాని మీద పడదు. ఈ ఒక్కటి చేసినా సగం గెలిచినట్టే. కుంకుడుకాయ మంచిదే కదా అంటారు, రసాయనం తగలని జుట్టుకు మంచిదే, కానీ కింది భాగం ఇప్పటికే ఎండిన గడ్డి, కుంకుడు దాన్ని ఇంకా పీచు చేస్తుంది. తలస్నానానికి ముందు రాత్రి కొబ్బరినూనె పట్టిస్తే ఉతుకుడుకు వెంట్రుక పాడవడం తగ్గుతుంది. గుడ్డు, పెరుగు లాంటివి కూరలోకి వాడుకో, వాటి ప్రొటీన్ అణువులు వెంట్రుకలోకి దూరేంత చిన్నవి కావు.

హెల్మెట్ తియ్యమని చెప్పలేను, కానీ లోపల సిల్కు స్కార్ఫ్ కట్టుకో. రబ్బరు బ్యాండు సరిగ్గా అతుకు మీద పడేలా రోజూ ఒకేచోట వెయ్యకు, క్లచ్ పెట్టుకో.

కత్తిరింపు దగ్గరికొద్దాం. నీ జుట్టు మొత్తం 60 సెంటీమీటర్లు అనుకుంటే అందులో 46 దాకా పాతదే. రెండు నెలలకోసారి 3 సెంటీమీటర్లు తీయిస్తూ పోతే పాతది పూర్తిగా పోవడానికి దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది, పొడవు మాత్రం పెద్దగా తగ్గినట్టు కనబడదు. అదే ఇప్పుడు భుజాల దాకా, అంటే 30 సెంటీమీటర్లకు తెచ్చేస్తే మిగిలే పాతది 16, అదే లెక్కన ఏడాదిలోపు వదిలిపోతుంది. నా ఓటు రెండోదానికి, అయితే పెళ్లయ్యాక. పూలజడకు ఇప్పుడున్న పొడవు పనికొస్తుంది, జడ మీద పూలు కట్టేస్తే కింద ఏ రకం జుట్టు ఉందో ఎవడు చూస్తాడు. సవరం పెట్టాల్సి వస్తే దాన్ని కుదుళ్ల దగ్గర బిగించవద్దనీ, జడ కిందికి అల్లుకొచ్చాక కలపమనీ, ముందు పఫ్ కోసం ఎదురు దువ్వొద్దనీ అలంకరణ చేసేవాళ్లకు ముందే చెప్పు. నుదుటి దగ్గర రింగులు రెండు అలా వదిలెయ్, పెళ్లికూతురికి అందం.

అమ్మకు కోపం రాకుండా ఒకటి చెబుతాను. “ఇంకొక్కసారి” అనే మాట విని నేనూ ఒకప్పుడు పెళ్లికి ముందు వెళ్లి రూట్ టచప్, అంటే కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చినదాన్ని మాత్రమే సాఫీ చెయ్యడం, చేయించుకున్నదాన్నే. ఆ అమ్మాయి క్రీమును కొత్త జుట్టు దగ్గర ఆపకుండా పాతదాని మీదికి కూడా లాగేసింది. మర్నాడు దువ్వుకుంటే నుదుటి మీద మూడు వేళ్ల పొడవు కుచ్చు మిగిలింది, మిగతాది దువ్వెనలో ఉంది. పెళ్లి ఫొటోలన్నింట్లో పాపిట బిళ్ల ఒక పక్కకు జరిపి ఎందుకుందో ఇప్పటికీ అడుగుతుంటారు.

ప్రశ్న: మాది సింహాచలం దగ్గరే. అప్పన్నకు మొక్కు కూడా ఉంది. గుండు చేయించేస్తే ఒకేసారి పీడ వదలదా? పైగా ఒత్తుగా వస్తుందంటారు. (అడివివరం)

జవాబు: మొక్కుంటే వెళ్లండి, నిస్సందేహంగా. పాత జుట్టు ఒక్క పూటలో పోతుంది, ఇంతకంటే శుభ్రమైన దారి లేదు. ఒత్తుగా రావడం మాత్రం అబద్ధం, క్షురకుడి కత్తి కుదురు దాకా వెళ్లదు. కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగిలి అలా అనిపిస్తుంది. ఆరు నెలలకు ఆరేడు సెంటీమీటర్లు వస్తుంది, రింగుల జుట్టయితే అది తలకు అంటుకున్న చిన్న చిన్న చుట్టల్లా కనబడుతుంది. ఆ రూపానికి మీరు సిద్ధమేనా అన్నదే ప్రశ్న. మొక్కు లేకుండా కేవలం విసుగుతో అయితే, మెడ దాకా కత్తిరించి ఒక నెల చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. పండగ ఆఫర్ అని స్మూతెనింగ్ చేయించుకుంది. నాలుగు నెలలుగా గుప్పెళ్లతో ఊడుతోంది. మందు వల్లేనా? (గాజువాక)

జవాబు: ఊడిన వెంట్రుకలు ఒక పది ఏరి, వెలుతురులో పట్టుకుని చూడండమ్మా. ఒక కొసన ఆవగింజ కంటే చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. బొడిపె లేకుండా పొట్టి పొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో విరిగింది. విరిగిన ముక్కలే అయితే మందు, మెషీన్ల పనే, పైన చెప్పినట్టు చూసుకుంటూ కొసలు తీయించండి. బొడిపెలతో రోజుకు వంద దాటి ఊడుతుంటే కారణం వేరే ఉండొచ్చు. ఊడడం మొదలవడానికి రెండు మూడు నెలల ముందు గట్టి జ్వరం వచ్చిందా, పరీక్షల పేరుతో అన్నం మానేసిందా గుర్తు చేసుకోండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల ఓపీ ఉంది, పార్లర్ చుట్టూ తిరిగే ముందు అక్కడ ఒకసారి చూపించండి. మాడు మీద పుండ్లు, మంట ఉంటే ఆలస్యం చెయ్యొద్దు.

ప్రశ్న: స్ట్రెయిటెనింగ్ కాదు, కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకుంటే పైదీ కిందదీ కలిసిపోతాయి, కెమికల్ ఉండదు అంటున్నారు. నిజమేనా? (సీతమ్మధార)

జవాబు: కొన్ని నెలలు కలిసినట్టు కనబడతాయి, అది నిజం. కెమికల్ ఉండదన్నది నిజం కాదు. మెషీన్ పెట్టగానే కళ్లు మండి, గొంతు పట్టేస్తే అది ఫార్మాల్డిహైడ్ ఆవిరి కావచ్చు. మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో అది ఉంది. డబ్బా మీద మిథిలీన్ గ్లైకాల్ అని ఉన్నా వేడికి వచ్చేది అదే. దానికి బదులు గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడేవి కూడా వచ్చాయి, అవి రాయించుకున్న కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నట్టు డాక్టర్లు రాశారు. ఇంకో సంగతి, అమెరికాలో 33,947 మంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, స్ట్రెయిటెనింగ్ మందులు తరచూ వాడినవాళ్లకు 70 ఏళ్లు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ రావడం 4.05 శాతం, అసలు వాడనివాళ్లలో 1.64 శాతం అని లెక్క తేలింది. మందే కారణమని అది రుజువు చెయ్యలేదు, ఒక్కసారి చేయించుకున్నవాళ్లు హడలిపోనక్కర్లేదు. కానీ మానేసే పనిలో ఉన్నప్పుడు మళ్లీ ఆ కుర్చీలో ఎందుకు కూర్చోవడం? ఆ డబ్బులో పదో వంతు పెట్టి అవిసె గింజలు, పెద్దపళ్ల దువ్వెన కొనుక్కోండి.