కేస్ షీట్‌లో ‘బండి స్కిడ్ అయింది’ అని రాయించాం, ఇప్పుడు పరిహారం అడగవచ్చా?

సందేహం: మాది గాజువాక. మా తమ్ముడికి 28 ఏళ్లు, సొంతంగా ఏసీ మెకానిక్ పని చేసుకుంటున్నాడు. ఐదు వారాల కిందట రాత్రి ఎన్ఏడీ కూడలి వైపు నుంచి బైక్ మీద వస్తుండగా, సిగ్నల్ లైటు వేయకుండా పక్కకు తిరిగిన కారు ఢీకొట్టడంతో కుడికాలి ఎముక రెండుచోట్ల విరిగి, ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. కారు యజమాని తానే ఆస్పత్రికి తీసుకువచ్చి, పోలీసు గొడవ వద్దని, ఖర్చంతా తాను భరిస్తానని బతిమాలితే, బండి స్కిడ్ అయి పడిపోయాడని డాక్టరుకు చెప్పాం. ఆయన ఫోన్‌పేలో 40 వేలు కట్టారు. మాకు ఇప్పటికి రెండు లక్షలు దాటింది. ఇప్పుడు ఇంకో 30 వేలు ఇస్తానని, ఇకమీదట ఏ కేసూ వేయబోమని స్టాంపు కాగితం మీద రాసివ్వమని అడుగుతున్నారు. పోలీసు కేసు లేదు. బైక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఆర్సీ, ఇన్సూరెన్సు పాత యజమాని పేరు మీదే ఉన్నాయి. ఆ రోజు తమ్ముడు హెల్మెట్ పెట్టుకోలేదు. మాకు దారి ఉందా? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: దారి ఉంది. అయితే ముందుగా ఆ స్టాంపు కాగితం మీద మీరు గాని, మీ తమ్ముడు గాని సంతకం చేయవద్దు. కాలు ఎంతవరకు కోలుకుంటుందో, రాడ్డు తీయడానికి మరో ఆపరేషన్ అవసరమవుతుందో కాదో డాక్టర్లే ఇంకా తేల్చని దశలో, 30 వేలు తీసుకుని హక్కులన్నీ వదులుకున్నట్టు రాసివ్వడం ఏ లెక్కన చూసినా మీకు నష్టమే. ఆ కాగితం ఉన్నంతమాత్రాన మోటారు ప్రమాదాల పరిహారాన్ని తేల్చే ట్రిబ్యునల్ మీ పిటిషనును తోసిపుచ్చుతుందని కాదు గాని, విచారణ సాగినన్నాళ్లూ అవతలి పక్షం దాన్నే చూపిస్తూ ఉంటుంది.

ఇక్కడ కారు యజమానికి కూడా తెలియని విషయం ఒకటి ఉన్నట్టుంది. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ వాహనం వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. ప్రమాదం నాటికి ఆ పాలసీ అమలులో ఉండి, నడిపిన వ్యక్తికి లైసెన్సు ఉంటే, మీ తమ్ముడికి రావలసిన పరిహారాన్ని చెల్లించవలసింది బీమా కంపెనీయే తప్ప ఆయన జేబు కాదు. కారు నంబరుతో ఎం పరివాహన్ యాప్‌లో వెతికితే పాలసీ ఏ కంపెనీదో, ఎప్పటివరకు అమలులో ఉందో సాధారణంగా కనిపిస్తుంది. ఆ తెరను ఈరోజే ఫొటో తీసి దాచుకోండి. ఇంతగా బతిమాలే యజమానుల విషయంలో, ఆ రోజు స్టీరింగు ముందు కూర్చున్నది ఎవరో కూడా అడిగి తెలుసుకోవడం మంచిదని నా అభిప్రాయం. లైసెన్సు లేని వ్యక్తి నడిపినా, బీమా కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని ట్రిబ్యునళ్లు ఆదేశించడానికి 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆధారంగా ఉంది. పాలసీయే లేకపోతే మాత్రం యజమాని ఆస్తి మీదనే ఆధారపడవలసి వస్తుంది. అప్పుడు రాజీకి అర్థం ఉండవచ్చు. అయినా అది లోక్ అదాలత్‌లో నమోదయ్యే రాజీగా ఉండాలి, ఇంట్లో కూర్చుని రాసుకున్న కాగితంగా కాదు.

మీ కేసులో అసలు చిక్కు ఎఫ్ఐఆర్ లేకపోవడం కాదు, కేస్ షీట్‌లోని ఆ ఒక్క వాక్యం. క్యాజువాలిటీలో స్ట్రెచర్ పక్కన నిలబడిన డ్యూటీ డాక్టరు ‘ఎలా జరిగింది?’ అని అడిగి, మీరు చెప్పినదాన్ని సమయంతో సహా అప్పటికప్పుడు రాసుకుంటారు. అదే వాక్యం తరువాత గాయాల ధ్రువపత్రంలోకీ, డిశ్చార్జి సమ్మరీలోకీ ఎక్కుతుంది. బీమా కంపెనీ న్యాయవాది అన్నిటికన్నా ముందు తెప్పించుకునేది ఆ కేస్ షీట్‌నే. ‘ప్రమాదమైన గంటలోపు ఏ స్వార్థమూ లేకుండా చెప్పిన మాట ఇది, ఐదు వారాల తరువాత కారును తెచ్చి ఇరికించారు’ అన్నది ఆయన వాదన కాబోతుంది. అబద్ధపు క్లెయిములు నిజంగానే వస్తుంటాయి కనుక, ట్రిబ్యునల్ ఆ వాదనను తేలిగ్గా తీసిపారేయదు.

దీనికి విరుగుడు ఆ వాక్యాన్ని మార్పించడం కాదు. ఆస్పత్రిలో తెలిసినవారిని పట్టుకుని కొత్త పత్రం రాయించుకుంటే నిజమైన కేసు కూడా అబద్ధంగా మారిపోతుంది. జరిగింది జరిగినట్టుగా, ఎవరు ఏమని బతిమాలితే మీరు ఆ మాట చెప్పారో కూడా కలిపి, పోలీసు ఫిర్యాదులోనూ తరువాత పిటిషనులోనూ మీరే ముందుగా రాయండి. దానికి బలం చేకూర్చే సాక్ష్యం మీ దగ్గరే ఉంది. తానుగా స్కిడ్ అయి పడిన మనిషికి, బంధువూ స్నేహితుడూ కాని ఒక కారు యజమాని 40 వేల రూపాయలు ఎందుకు కట్టారన్న ప్రశ్నకు అవతలివారి దగ్గర సూటి జవాబు ఉండదు. ఆ ఫోన్‌పే లావాదేవీ తేదీ, సమయం కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటును బ్యాంకు ముద్రతో తీసుకోండి. ఆయన పంపిన వాట్సాప్ సందేశాలు, వాయిస్ మెసేజీలు ఉంటే చెరిపేయకుండా, ఆ ఫోనునే భద్రపరచండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, దాన్ని మీ న్యాయవాది తయారుచేస్తారు. ప్రమాదం జరిగినచోట దుకాణాల సీసీ కెమెరాల దృశ్యాలు కొన్నాళ్లకు వాటంతట అవే చెరిగిపోతాయి కాబట్టి, ఐదు వారాలు గడిచినా ఒకసారి వెళ్లి అడిగి చూడండి. ఆ రాత్రి మీ తమ్ముణ్ణి లేపి కూర్చోబెట్టిన ఆటో డ్రైవరో, పక్కన టీ కొట్టు నడిపేవారో దొరికితే అంతకు మించిన సాక్షి ఉండరు.

ఎఫ్ఐఆర్ విషయానికి వస్తే, ప్రమాద స్థలం ఏ స్టేషను పరిధిలోకి వస్తే అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నిర్లక్ష్యంగా నడపడం భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను కిందా, ఎముక విరిగేంత గాయం చేయడం 125వ సెక్షను కిందా నేరాలు. ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చారని అడిగితే, చికిత్స, యజమాని ఇచ్చిన హామీ రెండూ కారణాలుగా ఫిర్యాదులోనే రాయండి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును అనుమానించకూడదని 2011లో రవి వర్సెస్ బద్రీనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషనులో తీసుకోకపోతే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఫిర్యాదు సారాంశాన్ని పోస్టులో పోలీసు పై అధికారులకు పంపవచ్చు, ఆ తరువాత మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. గాయపడినవారిని ఆస్పత్రికి చేర్చడంతోపాటు 24 గంటల్లోగా పోలీసులకు, ఆపైన బీమా కంపెనీకి కూడా తెలియజేయడం మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను కింద డ్రైవరు బాధ్యత. మొదటిది ఆయన చేశారు, మిగతావి చేయలేదు. కారుకైన సొట్టలను మోటారు వాహన తనిఖీ అధికారి, అంటే మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనేవారు, చూడకముందే బాగుచేయించి ఉంటారు. కనీసం మీ బైకునైనా ఆ తనిఖీ పూర్తయ్యేవరకు మెకానిక్‌కు ఇవ్వకండి.

కేసు నమోదైన తరువాత 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, పోలీసులు 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, మామూలుగా 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే ట్రిబ్యునల్ పరిహార దరఖాస్తుగా స్వీకరించవచ్చు. కాగితం మీద ఇది బాగానే ఉన్నా, దాని మీదే భారం వేసి ఊరుకోమని నేను ఎవరికీ చెప్పను. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద మీ తమ్ముడి పేరుతో విడిగా పిటిషను వేయించండి. దీన్ని మన దగ్గర ఎంవీఓపీ (మోటార్ వెహికిల్ ఒరిజినల్ పిటిషన్) అంటారు. ప్రమాదం జరిగిన ప్రాంతమూ, మీరు నివసించే ప్రాంతమూ రెండూ విశాఖలోనే ఉన్నందువల్ల ఇక్కడి ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. 2019 సవరణతో ప్రమాదం నాటి నుంచి ఆరు నెలల గడువు మళ్లీ వచ్చింది. ఆ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు ఉన్న మాట నిజమే గాని, మీకు ఇంకా నాలుగు నెలలకు పైగా సమయం ఉండగా ఆ వివాదంలోకి వెళ్లవలసిన అవసరమే లేదు.

తప్పు ఎవరిదో రుజువు చేయనక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే 164వ సెక్షను కూడా ఉంది. కేస్ షీట్ వాక్యాన్ని చూసి భయపడి దాన్నే పట్టుకోమని కొందరు సలహా ఇవ్వవచ్చు. అయితే కంపెనీతో పరిష్కార పద్ధతిలో ఆ మొత్తాన్ని అంగీకరిస్తే 166 కింద వేసిన పిటిషను రద్దయిపోతుంది. సాక్ష్యం ఎలా ఉందో మీ న్యాయవాది పూర్తిగా చూసిన తరువాతే ఆ వైపు ఆలోచించండి.

ఎంత రావచ్చన్నది కాలికి అయిన గాయం కన్నా, ఆ గాయం ఆయన పనికి చేసిన నష్టం మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఎడమ చేయి పోయిన వడ్రంగి సంపాదన దాదాపు పూర్తిగా పోవచ్చని, అదే ప్రభుత్వ గుమస్తా అయితే ఉద్యోగం నిలబడవచ్చని 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో సుప్రీంకోర్టే ఉదహరించింది. నిచ్చెన ఎక్కి, అవుట్‌డోర్ యూనిట్‌ను భుజాన మోసే ఏసీ మెకానిక్ విషయంలో మోకాలు పూర్తిగా వంగకపోవడం ఎంత నష్టమో సాక్ష్యంలో విడమరచి చెప్పించాలి. ఉదాహరణకు ట్రిబ్యునల్ నెల ఆదాయాన్ని 15,000గా తీసుకుందనుకుందాం. 40 ఏళ్ల లోపు సొంత పనివారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 21,000, ఏడాదికి 2,52,000; 28 ఏళ్ల వయసుకు గుణకం (వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే సంఖ్య) 17 కనుక 42,84,000; పని సామర్థ్యంలో నష్టం 15 శాతమని తేలితే 6,42,600 రూపాయలు. దీనికి ఆస్పత్రి బిల్లులు, మందులు, రాకపోకలు, పౌష్టికాహారం, పని లేని నెలల ఆదాయం, నొప్పి, బాధ, ముందుముందు చికిత్స ఖర్చు అదనం. కారు యజమాని కట్టిన 40 వేలను మాత్రం పిటిషనులో దాచకుండా చూపాలి. ఆదాయానికి పే స్లిప్పులు లేవని బెంగపడకండి, పని చేయించుకున్నవారు పంపిన చెల్లింపులు, విడిభాగాలు కొన్న బిల్లులు, క్రమం తప్పకుండా పని ఇచ్చే దుకాణదారు సాక్ష్యం సరిపోతాయి. వైకల్య ధ్రువపత్రం కోసం కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్)లోని మెడికల్ బోర్డును ఎముక అతుక్కుని పరిస్థితి స్థిరపడిన తరువాత సంప్రదించండి. ప్రైవేటు డాక్టరు పత్రం తెస్తే ఆయన కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పవలసి ఉంటుంది. ఇంట్లో ఎవరి మెడిక్లెయిం పాలసీ అయినా వాడి ఉంటే ఒరిజినల్ బిల్లులు ఆ కంపెనీకి వెళ్లిపోతాయి గనుక, ధ్రువీకరించిన నకళ్లు ముందే తీసుకోండి.

హెల్మెట్ లేకపోవడం జరిమానాకు కారణం అవుతుందే గాని, కాలు విరగడానికి కారణం కాదు. ఒక ఉల్లంఘనకూ ప్రమాదానికీ లేదా గాయానికీ సంబంధం ఉందని చూపితేనే బాధితుడి వంతు తప్పు అనగలమని 2020లో మహమ్మద్ సిద్ధిఖీ కేసులో తీర్పు వచ్చింది. తలకు దెబ్బ తగిలి ఉంటే నా జవాబు ఇంత తేలికగా ఉండేది కాదు.

ఇక బైక్. పాత యజమాని పేరు మీద ఉన్న ఆర్సీ వల్ల మీ తమ్ముడి గాయాల క్లెయిముకు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే ఆ క్లెయిం కారు పాలసీ మీద. నష్టం జరిగేది రెండుచోట్ల. బైక్ పాలసీలోని ఓన్ డ్యామేజ్ భాగం, అంటే బైక్‌కే అయిన నష్టానికి ఇచ్చే బీమా, కొన్నవారి పేరు మీదకు మార్పించుకోనిదే సాధారణంగా వారికి వర్తించదు. ఆర్సీ, పాలసీ తన పేరున ఉన్న యజమాని నడిపినప్పుడు మాత్రమే వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా మీ తమ్ముడికి అందదు. పాత తేదీ వేసి బదిలీ కాగితాలు తయారుచేద్దామని ఎవరైనా అంటే వినకండి. ఆర్సీ బదిలీకి ఇప్పటి తేదీతోనే దరఖాస్తు చేయండి. బైక్ మరమ్మతు ఖర్చును కారు పాలసీ నుంచే కోరవచ్చు గాని, దానికి పాత యజమానిని కూడా పిటిషనులో చేర్చవలసి రావచ్చు. ఆయనతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

చివరిగా ఫీజు. పెద్ద ఆస్పత్రుల వార్డుల దగ్గర తిరుగుతూ ‘వచ్చినదాంట్లో ఇంత శాతం, మిగతాదంతా మేం చూసుకుంటాం’ అనే మధ్యవర్తులకు ఒక్క కాగితం కూడా ఇవ్వకండి. వచ్చే పరిహారంలో వాటాగా ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. న్యాయవాది ఖర్చు భరించలేని పరిస్థితి ఉంటే జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మీ తమ్ముడి పేరుతో దరఖాస్తు ఇవ్వండి; ఆదాయ పరిమితి గాని, చట్టం చెప్పిన ఇతర అర్హత గాని ఉంటే న్యాయవాదిని వారే ఉచితంగా నియమిస్తారు. వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, కేస్ షీట్ నకలు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వెంట ఉంచుకోండి. అప్పటికి ఎఫ్ఐఆర్ చేతికి రాకపోయినా, ఫిర్యాదు అందినట్టు స్టేషను ముద్ర వేసి ఇచ్చిన నకలు ఉంటే పని మొదలవుతుంది.