పాఠకుల ప్రశ్నలు: తొలి అలమరకు తలుపులు వద్దు

ప్రశ్న: వడ్రంగం పనిలో నాకు ఏమాత్రం అనుభవం లేదు. పిల్లల పుస్తకాల కోసం రెండు తలుపులు, కింద రెండు సొరుగులు ఉండే చిన్న అలమరను సొంతంగా తయారు చేయాలని ఉంది. టేకు కొనాలా, ప్లైవుడ్ సరిపోతుందా? ఏయే పనిముట్లు అవసరం?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అలమర తప్పకుండా చేయండి, కానీ తలుపులనూ సొరుగులనూ ఈసారికి వదిలేయండి. సొరుగు పక్కల బిగించే, అది జారడానికి వాడే లోహపు పట్టాలకు (ఛానెల్) రెండు వైపులా అరేసి అంగుళం ఖాళీ కచ్చితంగా ఉండాలి. అలమర కొద్దిగా ఓరగా నిలిచినా సొరుగు ఇరుక్కుంటుంది, తలుపుల మధ్య సందు పైన సన్నగానూ కింద వెడల్పుగానూ కనిపిస్తుంది. తలుపులు లేని అరల్లో అదే తేడా ఎవరి కంటికీ ఆనదు.

టేకులో వెడల్పాటి పలకలు ఖరీదైనవి. సన్న పలకలను అంచులు చిత్రిక పట్టి అతకడం చేయి తిరిగినవారు చేయవలసిన పని. అందువల్ల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. హాల్లో పెట్టే అలమరకు ఐఎస్ 303 (సాధారణ వాడకపు ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న రకం చాలు. వానాకాలంలో చెమ్మగిల్లే గోడ అయితే అందులోనే బీడబ్ల్యుఆర్, అంటే మరిగే నీటిని తట్టుకునే రకాన్ని అడగండి. ఐఎస్ 710 మెరైన్ ప్లై వంటగదికి అవసరం గాని, పుస్తకాలకు ఆ ఖర్చు దండగ.

ఎత్తు 900, వెడల్పు 750, లోతు 250 మిల్లీమీటర్లు అనుకుందాం. పక్క పలకలు రెండు, అడ్డ పలకలు నాలుగు కావాలి. అడ్డ పలక పొడవు 750 కాదు, రెండు పక్కల మందమూ తీసేస్తే వచ్చే 714. కొత్తవారి లెక్క తప్పేది సాధారణంగా ఇక్కడే. పైగా 18 అని అమ్మే షీటు నిజానికి కాస్త పలచగా ఉండవచ్చు కాబట్టి, కోయించే ముందు మందాన్ని మీరే కొలుచుకోండి. మూడు అరలనూ సమానంగా పంచితే ఒక్కోటి 276 వస్తుంది. కానీ ఏ4 పుస్తకం ఎత్తు 297 కనుక అది నిలువుగా పట్టదు. అడుగు అరను 320 ఉంచి, పై రెండింటినీ 254 చొప్పున పెట్టుకోండి. ఇదంతా 8×4 అడుగుల షీటులో సగంకన్నా తక్కువలోనే వస్తుంది. కొలతలు కాగితం మీద రాసి ఇస్తే ప్లైవుడ్ దుకాణంలోనో కోతమిల్లులోనో మెషీన్ మీద కోసి ఇస్తారు. రంపం పట్టడం నేర్చుకోవాలన్న పట్టుదల మంచిదే గాని, మొదటి అలమర మీద ఆ ప్రయోగం చేయవద్దు.

వెడల్పు పెంచాలనే కోరిక కలగవచ్చు. అర పొడవును రెట్టింపు చేసి అంతటా పుస్తకాలు నింపితే, అదే మందంలో అది 16 రెట్లు కిందికి వంగుతుంది. అడుగు పొడవున పేర్చిన పుస్తకాలే సుమారు 8 నుంచి 10 కిలోలు తూగుతాయి. రెండున్నర అడుగులు దాటాలంటే మధ్యలో నిలువు పలక పెట్టుకోవాలి.

మీకు టేపు, మూలమట్టం, డ్రిల్లు, స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, గరుకు కాగితం ఉంటే చాలు. పలకలను కదలకుండా పట్టి ఉంచే క్లాంపులు రెండు అరువు దొరికితే మరీ మంచిది. అడ్డ పలకల అంచులకు ఫెవికాల్ రాసి, పక్క పలక బయటినుంచి 50 మిల్లీమీటర్ల స్క్రూలు బిగించాలి. అయితే ముందుగా 3 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం చేయకపోతే ప్లైవుడ్ అంచులోని పొరలు విడిపోతాయి. జిగురు ఆరకముందే ఎదురెదురు మూలల మధ్య కొలవండి. రెండు కొలతలూ సమానంగా, అంటే ఇంచుమించు 1172 మిల్లీమీటర్లు ఉంటే అలమర మట్టంగా ఉన్నట్టే. లేకపోతే పొడవుగా వచ్చిన మూలల వైపునుంచి మెల్లగా లోపలికి నొక్కండి. వెనుక పలక లేని అలమర అగ్గిపెట్టె తొడుగులా పక్కకు ఒరుగుతుంది. కాబట్టి మూలలు సరిపోయిన వెంటనే, ఆ స్థితిలోనే, 6 మిల్లీమీటర్ల ప్లైని వెనుక చుట్టూ జిగురుతో, చిన్న మేకులతో బిగించండి. డబ్బు మిగులుతుందని ఈ పలకను మానేయమనే సలహాను నేను ఎంతమాత్రం ఒప్పుకోను.

ఒక రోజు ఆరనిచ్చి, 120, తరువాత 220 నంబరు కాగితంతో రుద్ది, ముందు అంచులకు బీడింగ్ (సన్నని కర్ర పట్టీ) అంటించి రంగు వేసుకోండి. పిల్లలు అరలు పట్టుకుని ఎక్కుతారు కనుక, పై భాగాన్ని ఎల్ ఆకారపు పట్టీతో గోడకు బిగించనిదే పుస్తకాలు సర్దవద్దు.

ప్రశ్న: మా పాత ఇంటి టేకు తలుపుల పలకలు ఉన్నాయి. వాటితో దుప్పట్లు దాచుకునే మూత పెట్టె చేయవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: చేయవచ్చు. ఏళ్ల తరబడి ఆరిన టేకు కొత్త కర్రకన్నా నమ్మదగినది. అయితే చేవ లేని తెల్లని భాగాన్ని పురుగు తింటుంది, దానిని కోసి పారేయండి. చిత్రిక పట్టే ముందు పలక అంతటా అయస్కాంతం తిప్పండి. విరిగి లోపల ఉండిపోయిన ఒక్క మేకు చాలు, పనిముట్టు పదును పోవడానికి.

పలక పొడవున దాదాపు మారదు గాని, వెడల్పున వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో ఈ సంగతి మరింత గుర్తుంచుకోవాలి. మూత కింద అడ్డంగా వేసే పట్టీలను జిగురుతో అతికిస్తే మూత చీలుతుంది. జిగురు లేకుండా స్క్రూలతోనే బిగించి, నడిమి రంధ్రాన్ని గుండ్రంగా, చివరి రంధ్రాలను పలక వెడల్పు దిశలో కాస్త పొడవుగా తొలవండి.