కాకులు చచ్చిపడుతుంటే ఎవరికి చెప్పాలి?

విశాఖలో ముడసర్లోవ వైపు కాకులు చచ్చిపడుతున్నాయి, జూకి చెప్పాలా, ఫారెస్ట్ వాళ్లకా, జీవీఎంసీకా (నగరపాలక సంస్థకా) అని ఒకరు అడిగారు. మొదటి ఫోన్ ఈ ముగ్గురికీ కాదండీ, పశుసంవర్ధక శాఖకు. 1962 నంబరుకి చేసినా సరే, దగ్గర్లోని పశువైద్యశాలకు వెళ్లినా సరే. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే శాంపిల్ తీసేది వాళ్లే.

ఆరిలోవలో మా కాలనీ ఖాళీ స్థలంలోనూ ఇలాగే జరిగింది. చెత్త బండిలో వేసేయబోతుంటే ఆపి పశువైద్యుడికి ఫోన్ చేశాను. ఎన్నాళ్ల నుంచి పడుతున్నాయి, తూలుతున్నవి కనబడ్డాయా, చుట్టుపక్కల ఎవరైనా నాటుకోళ్లు పెంచుతున్నారా అని అడిగారు. కుళ్లినవి వద్దు, ఆ పూట చచ్చినవే కావాలన్నారు. మనుషులొచ్చి స్వాబ్‌లు తీసి ఐస్ పెట్టెలో పట్టుకెళ్లారు. బర్డ్ ఫ్లూ అవునో కాదో ఖాయం చేసేది భోపాల్‌లోని ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ల్యాబ్. ఫలితం మాత్రం ఎవరూ పిలిచి చెప్పలేదు, నేనే వెళ్లి అడిగితే ‘నెగెటివ్’ అన్నారు. అప్పటికే కాలనీలో సగం మంది టెన్షన్‌తో చికెన్ మానేశారు!

గుంపుగా చచ్చినంత మాత్రాన ఫ్లూ అనుకోనక్కర్లేదు. 2022 మొదట్లో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పెలికాన్లు రాలిపోతే, చివరికి కారణం నులిపురుగులని తేలింది.

కంబాలకొండలాంటి అడవుల్లో, వలస పక్షులు దిగే చెరువుల్లో నిఘా అటవీ శాఖది. 2021 జనవరిలో హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ దగ్గర వలస బాతులు వేలల్లో చనిపోతే కళేబరాలు ఏరి పూడ్చింది వన్యప్రాణి విభాగం వాళ్లే. జబ్బు హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ అని చెప్పింది భోపాల్ ల్యాబే. కోళ్లఫారంలో బయటపడితే కిలోమీటరు లోపలి కోళ్లన్నిటినీ చంపేస్తారు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో చూశాం కదా. అడవి పక్షుల్ని అలా చంపరు. చంపబోతే మిగిలినవి చెదిరిపోయి జబ్బును ఇంకో చోటికి మోసుకెళ్తాయి.

జూ వాళ్లు తమ పక్షుల వరకే చూసుకుంటారు. పూడ్చడం, బ్లీచింగ్ జీవీఎంసీ పని. పక్షులు దిగే కొండకర్ల ఆవ సరస్సు దగ్గరైతే అది 2022 నుంచి అనకాపల్లి జిల్లా, అక్కడి ఆఫీసుకే చెప్పాలి.

వాళ్లు వచ్చేదాకా పక్షిని ముట్టుకోకండి, పిల్లల్నీ కుక్కల్నీ అటు పోనివ్వకండి. ఫొటో, లొకేషన్ పంపితే చాలు. ఇప్పటికే ఎవరైనా వట్టి చేతులతో తీసి ఉంటే సబ్బుతో కడుక్కోమనండి. పది రోజుల్లోపు జ్వరం, దగ్గు వస్తే డాక్టరు దగ్గర పక్షి సంగతి దాచకుండా చెప్పాలి.