మొదటి బైక్: లోన్ పెట్టి పెద్దదా, చేతిలో ఉన్న డబ్బుతో చిన్నదా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. గేర్లు లేని స్కూటర్ తప్ప మరో బండి నడపలేదు. ఇప్పుడు మొదటి మోటార్‌సైకిల్ కొనాలనుకుంటున్నాను. ఖర్చులు పోను నెలకు జీతంలో మూడో వంతు మిగులుతుంది. ఐదు నెలల జీతమంత పొదుపు ఉంది. ‘చిన్న బండి కొంటే ఆరు నెలల్లో బోర్ కొడుతుంది, అమ్మి నష్టపోతావు, కొనేదేదో ఒకేసారి 650 సీసీ కొనెయ్’ అని ఫ్రెండ్స్ అంటున్నారు. షోరూమ్‌లో డౌన్ పేమెంట్ అక్కర్లేదు, ఐదేళ్ల లోన్ ఇప్పిస్తామన్నారు. ఈఎంఐ నా జీతంలో ఐదో వంతు అవుతుంది. పొదుపు కదపకుండా బండి వస్తుంది కదా అనిపిస్తోంది. జాకెట్, గ్లవ్స్, బూట్లు తర్వాత నెమ్మదిగా కొనుక్కుంటాను. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: బైక్ కొనండి. కానీ ఈ ప్లాన్‌తో వద్దు.

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది చివరి మాట దగ్గర. జాకెట్, గ్లవ్స్ తర్వాత అన్నారు. అక్కడే వరుస తిరగబడింది. కొత్తగా నడపడం మొదలుపెట్టేవాళ్ల డబ్బు ముందు ఒంటిని కాపాడే వస్తువులకు, ఆ తర్వాత నేర్చుకోవడానికి, మిగిలింది బండికి వెళ్లాలి. ఈ వరుస పాటిస్తే ఏ బండి కొనాలన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ముందు లోన్ లెక్క చూద్దాం. జీతంలో ఐదో వంతు చొప్పున 60 నెలలు కడితే, మీరు చెల్లించేది మొత్తం 12 నెలల జీతం. వడ్డీ ఏడాదికి 12 శాతం, తగ్గే బాకీ మీద, అంటే ప్రతి నెలా ఇంకా మిగిలిన అసలు మీదే లెక్క అనుకుంటే, ఆ ఈఎంఐకి వచ్చే లోన్ సుమారు 9 నెలల జీతం. అంటే 3 నెలల జీతం వడ్డీకే పోతుంది. రెండేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా, అసలులో మూడింట రెండు వంతులు, అంటే ఇంచుమించు 6 నెలల జీతం, ఇంకా బాకీ ఉంటుంది. ఆ టైమ్‌లో ఉద్యోగం మారి బండి అమ్ముకోవాల్సి వస్తే, వచ్చిన రేటు లోన్ తీర్చడానికి సరిపోకపోవచ్చు. తక్కువ పడింది మీ జేబులోంచి వేయాలి. డౌన్ పేమెంట్ కట్టని లోన్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ, ఎందుకంటే కొత్త బండి విలువ బాగా పడిపోయేది మొదటి రెండు మూడేళ్లలోనే, అసలు నెమ్మదిగా తగ్గేదీ అప్పుడే.

వడ్డీ రేటు ఎంతో అడిగి ఊరుకోకండి, ఏ పద్ధతిలో వేస్తారో కూడా అడగండి. 100 రూపాయలు మూడేళ్లకు 10 శాతం ఫ్లాట్ రేటుకు, అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే ఏటా వడ్డీ వేసే పద్ధతిలో తీసుకుంటే వడ్డీ 30. అదే 10 శాతం తగ్గే బాకీ మీదైతే వడ్డీ సుమారు 16. చెప్పే అంకె ఒకటే, కట్టే వడ్డీ దాదాపు రెట్టింపు. మొదటి దాన్ని తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే దాదాపు 18 శాతం అవుతుంది. ఇంకే లోన్‌కైనా ఈ ప్రశ్న మీకు పనికొస్తుంది.

‘చిన్న బండి కొని అమ్మితే నష్టం’ అన్న మాటకు వద్దాం. కొత్త బండి విషయంలో అది కొంతవరకు నిజం. మూడు నాలుగేళ్లు వాడిన చిన్న బండి విషయంలో కాదు. పెద్ద తరుగుదలంతా మొదటి ఓనరు భరించేశాడు. మీరు దాన్ని ఏడాది జాగ్రత్తగా నడిపి అమ్మితే పోయేది కొద్ది మొత్తమే. కొత్త 650 సీసీ బండికి మొదటి ఏడాదిలో తగ్గే విలువ ఇంతకన్నా చాలా పెద్దది. మీ ఫ్రెండ్స్ ఈ రెండో నష్టాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చిన్న దానితో మొదలుపెట్టడం భయస్తుల పని అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మకండి. యూరప్‌లో 2013 నుంచి అమల్లో ఉన్న లైసెన్సు నిబంధనల్లో ఏ2 అనే మెట్టు ఒకటి ఉంది. అందులో ఉన్నవాళ్లు 35 కిలోవాట్ల శక్తి దాటిన బండి నడపకూడదు. రెండేళ్ల అనుభవం అయ్యాకే పై మెట్టు. నేరుగా పై లైసెన్సుకు వెళ్లాలంటే సాధారణంగా 24 ఏళ్లు నిండాలి.

ఇప్పుడు డబ్బు. ఐదు నెలల జీతంలో రెండు నెలల జీతం పక్కన పెట్టేయండి. అది మీ మూడు నెలల ఖర్చులకు సరిపోతుంది, దాన్ని బండి కోసం ముట్టుకోకూడదు. మిగిలిన మూడు నెలల జీతాన్ని 100 భాగాలు అనుకోండి. 15 రైడింగ్ గేర్‌కు, 3 శిక్షణకు, 7 ఇన్సూరెన్సు, పేరు మార్పిడి లాంటి వాటికి, 10 మొదటి ఏడాది రిపేర్లకు. బండికి మిగిలేది 65. అంటే దాదాపు రెండు నెలల జీతం. సెకండ్ హ్యాండ్‌లో ఆ మొత్తానికి దొరికే మంచి బండే మీ మొదటి బండి. 15 ఎక్కువ అనిపిస్తే బండి బడ్జెట్ తగ్గించుకోండి, గేర్ తగ్గించకండి.

హెల్మెట్ దగ్గర కొంచెం ఆగి చెప్తాను. ప్రమాదాల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2008లో కోక్రేన్ సంస్థ చేసిన సమీక్షలో, హెల్మెట్ వల్ల మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో చనిపోయే ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని తేలింది. మీరు పెట్టే ఏ ఖర్చుకూ ఇంత రాబడి లేదు. అలాగని అన్నిటికన్నా ఖరీదైనదే కొనాలని కాదు. బ్రిటన్ ప్రభుత్వం 2007 నుంచి షార్ప్ అనే పథకం కింద హెల్మెట్లను పరీక్షించి ఒకటి నుంచి ఐదు వరకు స్టార్లు ఇస్తోంది. మధ్యరకం ధర ఉన్నవాటికీ ఐదు స్టార్లు వచ్చాయి. ఈసీఈ 22.06 లాంటి హెల్మెట్ భద్రతా ప్రమాణం గుర్తింపు ఉందో లేదో చూడండి. ఆ ప్రమాణంలో తల మెలితిరిగేలా తగిలే దెబ్బను కూడా పరీక్షిస్తారు.

సైజు మాత్రం దుకాణంలో పెట్టుకునే చూడాలి. హెల్మెట్ పెట్టుకుని స్ట్రాప్ బిగించి, రెండు చేతులతో పట్టుకుని పక్కలకు తిప్పండి. హెల్మెట్‌తో పాటు బుగ్గల చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే జారిందంటే అది వదులు. వెనక అంచు పట్టుకుని ముందుకు లాగితే ఊడి రాకూడదు. పది నిమిషాలు అలాగే ఉంచుకోండి. నుదుటి మీద ఒకేచోట నొప్పి పుడితే ఆ ఆకారం మీ తలకు సరిపోదు, వేరే మోడల్ చూడండి. వాడిన హెల్మెట్ ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు. లోపలి థర్మాకోల్ లాంటి పొర ఒకసారి నలిగిందంటే దాని పని అయిపోయినట్టే, బయటికి ఏమీ కనిపించదు.

తర్వాతి స్థానం గ్లవ్స్‌ది. పడేటప్పుడు ఎవరైనా చేతులే ముందు చాస్తారు. మణికట్టులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది, విరిగితే అతకడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. కంప్యూటర్ మీద పని చేసేవాళ్లకు రెండు నెలలు కుడి చెయ్యి లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అరచేతి దగ్గర గట్టి ప్లాస్టిక్ ముక్క ఉన్న గ్లవ్స్ తీసుకోండి, రోడ్డు మీద చెయ్యి పట్టేసి మెలిపడకుండా జారుతుంది. జాకెట్‌లో ఈఎన్ 17092 అనే రైడింగ్ దుస్తుల ప్రమాణం గుర్తు, దాని పక్కన సాధారణంగా ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏలలో ఏదో ఒకటి ఉంటుంది, వీటిలో ట్రిపుల్ ఏ అన్నిటికన్నా గట్టిది. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు డబుల్ ఏ సరిపోతుందని నా అభిప్రాయం. చీలమండ కప్పే బూట్లు కావాలి. ఈ వస్తువులు ఏ బండి మారినా మీతోనే వస్తాయి, అందుకే వీటి మీద పెట్టింది బండి ఖర్చులో కలపొద్దు.

శిక్షణ గురించి ఒక పాత నివేదిక చెప్పాలి. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హ్యారీ హర్ట్ బృందం 900కు పైగా మోటార్‌సైకిల్ ప్రమాదాలను అవి జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదంలో పడ్డ రైడర్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. సగానికి పైగా మందికి ఆ బండి మీద 5 నెలల అనుభవం కూడా లేదు. అంతకు ముందు వేరే బండ్లు నడిపినవాళ్లకూ ఇది వర్తించింది. కాబట్టి బండి కొనకముందే ఎవరైనా శిక్షకుల దగ్గర, వాళ్ల బండి మీద నేర్చుకోండి. క్లచ్ ప్లేట్లు అరగదీసుకునే మొదటి రోజులు వాళ్ల బండి మీదే గడిచిపోతాయి. ముఖ్యంగా గట్టి బ్రేక్ వేయడం నేర్పించమని అడగండి. బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకు వస్తుంది కాబట్టి బండిని ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకే చేస్తుంది. స్కూటర్ నుంచి వచ్చిన చాలామంది దాన్ని ముట్టుకోవడానికే భయపడతారు.

బండి ఎంచుకునేటప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయా, గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉందా అన్నవి మొదట చూడండి. కొత్తవాళ్లు పడేసేది ఎక్కువగా స్పీడులో కాదు, పార్కింగ్‌లో, యూ టర్న్ తీసుకునేటప్పుడు, ఆగి కాలు పెట్టే క్షణంలో. చుట్టూ ప్లాస్టిక్ ఫెయిరింగ్ ఉన్న బండి అలా ఒరిగితే రిపేరు బిల్లు చూసి గుండె ఆగుతుంది. ఇంజిన్ బయటికి కనిపించే మామూలు బండి అయితే ఒక లివర్, ఒక ఇండికేటర్‌తో సరిపోవచ్చు. పక్కన పెట్టమన్న 10 భాగాలు ఇందుకే. ఇలాంటి చిన్న బిల్లులకు క్లెయిమ్ పెట్టకండి. చాలా పాలసీల్లో క్లెయిమ్ లేని ఏడాదికి డిస్కౌంట్ ఉంటుంది, అది పోగొట్టుకోవడం దండగ.

సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేశారు, చల్లగా ఉన్నప్పుడు వచ్చే ఇబ్బంది దాస్తుండొచ్చు. చైన్ తిరిగే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, దాని పళ్లు ఒక వైపుకి కొక్కెంలా వంగి ఉంటే చైన్ స్ప్రాకెట్ కిట్ మొత్తం మార్చాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాడులు లోతుగానే ఉన్నా అంత పాత రబ్బరు తడి రోడ్డు మీద పట్టదు. ముందు ఫోర్క్ రాడ్ల మీద నూనె చెమ్మ ఉంటే సీల్స్ పోయాయి. ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోలకపోయినా, బండి మీద పాత ఓనరు లోన్ ఇంకా తీరకపోయినా, రేటు ఎంత బాగున్నా వెనక్కి వచ్చేయండి.

ఇన్సూరెన్సు విషయంలో ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కవర్ తప్పనిసరిగా ఉండాలి, అందులో బేరాల్లేవు. నాలుగైదేళ్ల పాత బండికి సొంత డ్యామేజీ కవర్ తీసుకోవాలా వద్దా అన్నది ప్రీమియం చూసి నిర్ణయించుకోవచ్చు. దానికన్నా ముందు మీకు మీరు తీసుకోవాల్సినవి హెల్త్ పాలసీ, ప్రమాదంలో పని చేయలేని రోజులకు డబ్బిచ్చే పాలసీ. కంపెనీ ఇచ్చిన హెల్త్ కవర్ ఉద్యోగం మానేసిన రోజుతో పోతుంది, అది గుర్తుంచుకోండి. మీ జీతం మీద ఆధారపడినవాళ్లు ఇంట్లో ఉంటే టర్మ్ పాలసీ అనే జీవిత బీమా కూడా తీసుకోండి, బైక్ నడుపుతారన్న విషయం దరఖాస్తులో దాచకండి.

650 సీసీ మీద మీ మనసు పోతే తప్పేమీ లేదు, దాన్ని ఏడాది వాయిదా వేయమంటున్నాను. లోన్ తీసుకుంటే ఎంత ఈఎంఐ కట్టేవారో అంత, అంటే జీతంలో ఐదో వంతు, నెలనెలా జీతం పడిన రోజే వేరే ఖాతాకు పంపండి. పెట్రోలు, సర్వీసింగ్ మిగతా డబ్బులోంచి వెళ్లాలి. పన్నెండు నెలలకు రెండు నెలల జీతం దాటి పోగవుతుంది. పాత బండి అమ్మితే ఇంకో ఒకటిన్నర నెలల జీతం వచ్చిందనుకుందాం. అప్పుడు ఆ పెద్ద బండి ధరలో 40 శాతం మీ చేతిలో ఉంటుంది. మిగతాది రెండేళ్ల లోన్‌గా తీసుకున్నా, ఐదేళ్లకు పోయే వడ్డీలో నాలుగో వంతు కూడా పడదు, రెండేళ్లకు మించి బాకీ ఉండదు. ఈఎంఐ మాత్రం జీతంలో నాలుగో వంతు వస్తుంది, అది బరువనిపిస్తే ఇంకో ఆరు నెలలు ఆగండి. మధ్యలో రెండు మూడు నెలలు ఆ డబ్బు పంపలేకపోతే, షోరూమ్‌లో చెప్పిన ఈఎంఐ కూడా మీరు కట్టలేకపోయేవారు. అలా జరిగితే నాకు మళ్లీ రాయండి, అప్పటి లెక్కలతో చూద్దాం.