బస్సు దిగితే అడవే: మీ ప్రశ్నలు, కండక్టరు జవాబులు

(నర్సంపేట, హనుమకొండ రూట్లలో ఏళ్ల తరబడి టికెట్లు కొట్టి రిటైరైన ఆర్టీసీ కండక్టరు పాఠకుల ప్రయాణ సందేహాలు తీర్చే శీర్షిక. ఈసారి ఉత్తరాలన్నీ చెరువులు, అడవి దారుల గురించే.)

ప్రశ్న: మాకు కారు లేదు. నేను, మా అమ్మ (62 ఏళ్లు), ఎనిమిదో తరగతి చదివే మా పాప ఒక ఆదివారం పొద్దున బయల్దేరి, చెరువూ అడవీ చూసి, కాసేపు నడిచి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. అందరూ లక్నవరం పొమ్మంటున్నారు. బస్సులో వెళ్లేవాళ్లకు ఏది మేలు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, లక్నవరం చూడటానికి బాగుంటుంది. నడవడానికి కాదు. వేలాడే వంతెన, దీవులు, బోట్లు అన్నీ ఉన్నాయి కానీ ఆదివారం ఆ వంతెన మీద సెల్ఫీలు దిగేవాళ్లను తప్పించుకుంటూ పోవడమే సరిపోతుంది. పైగా బస్సు చెరువుదాకా పోతుందని నమ్ముకోవద్దు. ఏటూరునాగారం వైపు వెళ్లే బస్సెక్కి, ములుగు దాటాక బుస్సాపూర్ దగ్గర దిగి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోవాలాను ఒప్పించుకోండి. లేకపోతే సాయంత్రం అతను అడిగిందే రేటు.

నడక కావాలంటే పాకాల వెళ్లండి. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, అంటే 13వ శతాబ్దంలో కట్టించిన చెరువు అది. గుట్టల మధ్య ఉన్న సందును కట్టతో మూసి నీళ్లు నిలిపారు. ఇప్పటికీ దాని కింద వేల ఎకరాలు పారుతున్నాయి. కట్ట మీద నడుస్తుంటే ఒకపక్క నీళ్లు, వాటి వెనక అడవి, ఇంకోపక్క కిందికి చెట్లు, ఆయకట్టు. ఎక్కడా ఎక్కుడు దిగుడు లేదు కాబట్టి మీ అమ్మగారి మోకాళ్లకు ఇబ్బంది ఉండదు. పాపకు చూపించడానికి నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు ఉండనే ఉన్నాయి. పొద్దున తొమ్మిదిలోపు చేరితే పిట్టలు కనిపిస్తాయి. పదకొండు దాటితే ఫ్యామిలీలు, స్పీకర్లు కనిపిస్తాయి.

ఇక బస్సు సంగతి. హనుమకొండ, వరంగల్ నుంచి నర్సంపేటకు బస్సులకు కొదవ లేదు. టైము చూసుకోవాల్సింది నర్సంపేటలో. అక్కడి నుంచి కొత్తగూడ వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాలి. ఖమ్మం దగ్గరి కొత్తగూడెం కాదు, మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ. ఈ రెండు పేర్లు కలిపేసి తప్పు బస్సెక్కినవాళ్లు నాకు బాగా తెలుసు. ఎక్కగానే కండక్టరుతో 'పాకాల చెరువుకు' అని చెప్పండి. అశోక్‌నగర్ దాటాక ఎక్కడ దిగితే మీకు నడక తగ్గుతుందో ఆయనే చెప్తాడు. మీరు చెప్పకపోతే బస్సు ఆగదు.

ఇప్పుడు అసలు మాట. పోయే బస్సు టైము అందరూ అడుగుతారు. వచ్చే బస్సు టైము అడిగేవాళ్లు తక్కువ. నర్సంపేట బస్టాండులో దిగగానే ఎంక్వైరీకి వెళ్లి, "సాయంత్రం కొత్తగూడలో నర్సంపేట బస్సులు ఎన్నింటికి బయల్దేరతాయి?" అని అడగండి. 'పాకాల నుంచి' అని అడిగితే సరైన జవాబు రాదు, ఎందుకంటే ఏ బస్సూ పాకాలలో పుట్టదు, దారిలో ఆగుతుందంతే. వాళ్లు చెప్పిన టైముల్లో చివరిదాన్ని కొట్టేసి, దానికి ముందుదే మీ బస్సు అనుకోండి. ఆ లెక్కను బట్టి పొద్దున ఎంత దూరం నడవాలో తేల్చుకోండి.

చివరి బస్సు మీద ఎందుకు ఆశ పెట్టుకోవద్దంటున్నానంటే, సాయంత్రం అడవి ఊళ్లకు పోయే బస్సుల్లో కొన్ని నైట్ హాల్ట్‌వి. రాత్రి ఊళ్లోనే పడుకుని, తెల్లారి మొదటి ట్రిప్పుగా తిరిగి వస్తాయి. మీరు రోడ్డు మీద నిలబడి "ఇప్పుడే అటు పోయింది కదా, అరగంటలో వెనక్కి వస్తుంది" అనుకుంటారు. డ్రైవరూ కండక్టరూ అక్కడ అన్నం తిని దోమతెర కట్టుకుంటుంటారు. ఇంకో సంగతి, విద్యార్థుల కోసం వేసే ట్రిప్పులు ఆదివారం నడవవు. మామూలు రోజు టైములు ఎవరో వాట్సాప్‌లో పంపితే వాటిని పట్టుకుని బయల్దేరకండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఆగస్టు, సెప్టెంబరుల్లో చెరువు నిండి మత్తడి పడితే చూడముచ్చటగా ఉంటుంది, కానీ వాగు పొంగితే నర్సంపేట, కొత్తగూడ మధ్య రాకపోకలే బంద్ అవుతాయి. ఆ రోజుల్లో పేపర్లో మత్తడి ఫొటో చూసి బయల్దేరేవాళ్లుంటారు. ఫొటో తీసినాయన బండి మీద వచ్చిపోయాడు. మీరు బస్సును నమ్ముకున్నవాళ్లు.

నీళ్లలోకి దిగొద్దు. మొసళ్లున్న చెరువు అది. తినుబండారాలు బట్ట సంచిలో పెట్టుకోండి. కవరు గలగలమంటే చాలు, కోతులు దిగుతాయి.

అంత నడక కూడా కష్టమని అమ్మగారు అంటే రామప్ప పెట్టుకోండి. ములుగు దాటి జంగాలపల్లి క్రాస్‌లో దిగితే పాలంపేటకు ఆటోలుంటాయి. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. ఆ జనంలో చాలామంది గుడి చూసి అటునుంచి అటే వెళ్లిపోతారు, కాస్త అవతలే ఉన్న చెరువుదాకా రారు. అందుకే నాకు ఆ కట్ట ఇష్టం.

ప్రశ్న: మేం నలుగురు ఫ్రెండ్స్ ఉన్నాం. పాకాల అడవిలో లోపలికి పదిహేను కిలోమీటర్లు ట్రెక్కింగ్ చేసి, రాత్రికి టెంట్ వేసుకోవాలని ప్లాన్. మ్యాప్‌లో దారులు కనిపిస్తున్నాయి. ఏ స్టేజీలో దిగాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఏ స్టేజీలోనూ దిగొద్దు తమ్ముడూ, ముందు నర్సంపేటలో అటవీశాఖ ఆఫీసుకు వెళ్లండి. అది 860 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద లోపలికి పోవడానికి అనుమతి కావాలి. మ్యాప్‌లో మీకు కనిపించేవి పశువులు తోలుకెళ్లే బాటలు, తునికాకు కోసం ఊళ్లవాళ్లు నడిచే బాటలు. వాళ్లకు ఏ బాట ఎక్కడ తెగిపోతుందో తెలుసు, మీ ఫోనుకు తెలియదు. పైగా లోపల సిగ్నల్ ఉండదు.

చిరుతపులి గురించి అందరూ అడుగుతారు. ఊళ్లవాళ్లు భయపడేది ఎలుగుబంటికి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలే వేళ తెల్లవారుజామున అదీ చెట్టు కిందికే వస్తుంది, పూలేరుకునే మనుషులూ అక్కడికే వస్తారు. ఎలుగు మిమ్మల్ని వెతుక్కుంటూ రాదు, కానీ హఠాత్తుగా ఎదురుపడితే మాత్రం ఆగదు. ఆ కాలంలోనే టేకాకు అంతా రాలి ఎండి ఉంటుంది, ఒక్క సిగరెట్ పీక చాలు అడవి అంటుకోవడానికి. టెంట్ ముందు క్యాంప్‌ఫైర్ ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి. అనుమతి దొరికి, ఊరి మనిషి ఒకరు ముందు నడిస్తే వెళ్లండి. ఆయనకు రోజు కూలి బేరమాడకుండా ఇవ్వండి.

ప్రశ్న: మాది విశాఖ. సిటీ బస్సులో పోయి అడవిలో నడిచే చోటు ఉందా? అరకు దాకా పోయే ఓపిక లేదు.
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: మీ ఇంటి వెనకే కంబాలకొండ పెట్టుకుని నన్ను అడుగుతున్నారా! మధురవాడ వైపు వెళ్లే ఏ బస్సైనా ఎక్కండి. హనుమంతవాక దాటాక హైవే మీదే గేటు. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, అందులో ఎకో పార్క్ వైపు చిన్న చెరువు, నడక దారులు. మా పెద్దమ్మాయి అత్తవారిల్లు అటువైపే కాబట్టి నాకూ తెలుసు. సముద్రపు ఉక్కపోత ఎక్కువ, నీళ్ల బాటిల్ పెద్దది తీసుకెళ్లండి. గుట్ట ఎక్కే దారిలో వెళ్లాలంటే గేటు దగ్గర గైడును అడగండి.

ప్రశ్న: మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చారు. ఆమెను రామప్ప తీసుకెళ్తున్నాం. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఆమెకూ అంతేనా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: మీకు జీరో టికెట్, ఆమెకు మామూలు టికెట్. 2023 డిసెంబరు 9న మొదలైన ఈ సౌకర్యం తెలంగాణలో ఉండేవాళ్లకే. అదీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలోనే, డీలక్స్ ఎక్కితే మీకూ టికెట్ పడుతుంది. ఒరిజినల్ గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. ఫోన్లో ఫొటో చూపించి కండక్టరుతో వాదన పెట్టుకోకండి, చెకింగ్ వస్తే మాట పడేది ఆయనే. అత్తగారి టికెట్టుకు చిల్లర రెడీగా ఉంచుకోండి.