ఇన్‌చార్జుల పాలనలో నవ్వు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మా అబ్బాయి చెప్పగా ‘ది ఆఫీస్’ అనే అమెరికన్ హాస్య ధారావాహిక చూడడం మొదలుపెట్టాను. వంటింటి పని అయ్యాక రోజూ రెండు భాగాలు చూసేదాన్ని. మేనేజరు మైకేల్ స్కాట్ వెళ్ళిపోయిన రోజు ఏడ్చాను. ఆ తర్వాత ఎనిమిదో సీజన్‌లో ఏడు భాగాలు చూసి ఆపేశాను. అవే బల్లలు, ఆ మనుషులే. అయినా పరాయి ఇంట్లో కూర్చున్నట్టు ఉంది. చక్కగా నడుస్తున్నదాన్ని ఎందుకిలా చేశారు? మిగిలింది చూడమంటారా, మానెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చూడండమ్మా. కానీ ఎందుకు విసుగు పుట్టిందో ముందు మాట్లాడుకుందాం, మీ బాధలో న్యాయం ఉంది.

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో 29 ఏళ్ళు పనిచేశాను. మా సూపరింటెండెంటు గారు పదవీ విరమణ చేశాక పదకొండు నెలలు ఆ కుర్చీకి సొంత మనిషి రాలేదు. పక్క సెక్షన్ ఆయనకు ఇన్‌చార్జి ఇచ్చారు. ఆయన మంగళ, శుక్రవారాల్లో వచ్చేవారు. నాలుగు నెలలకు ఆయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చినావిడ వారం తిరగకుండానే బల్లల వరుస మార్పించారు. ఇద్దరూ మంచివారే. అయినా ఫైలు పట్టుకుని గదిలోకి వెళ్ళేటప్పుడు లోపలి మనిషి దేనికి నవ్వుతారో, దేనికి కసురుకుంటారో తెలియక ఒక అలసట వచ్చేది. సాయంత్రానికి ఆ అలసట పనికంటే బరువుగా ఉండేది. మీకు ఎనిమిదో సీజన్‌లో కలిగింది అదే. ఇన్‌చార్జుల పాలన అని మన పత్రికలు రాస్తుంటాయే, పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో ఆ కాగితాల కంపెనీ శాఖకు పట్టింది సరిగ్గా ఆ దశే.

మైకేల్‌గా వేసిన స్టీవ్ కారెల్ వీడ్కోలు భాగం 2011 ఏప్రిల్ 28న ప్రసారమైంది. ఆయన స్థానంలోకి వచ్చిన డియాంజెలో (నటుడు విల్ ఫెరెల్) బాస్కెట్‌బాల్ విన్యాసం చేయబోయి స్తంభం మీదపడి ఆసుపత్రి పాలయ్యాడు. ఆఫీసు ఉద్యోగి డ్వైట్‌కు తాత్కాలికంగా చార్జి ఇస్తే ఆఫీసులో తుపాకీ పేల్చి పోగొట్టుకున్నాడు. తర్వాత ఇంకో ఉద్యోగి క్రీడ్. ఆపైన ఇంటర్వ్యూలు, వాటికి అభ్యర్థిగా వారెన్ బఫెట్ కూడా వచ్చి కూర్చున్నాడు! చివరికి ఎంపికైన రాబర్ట్ కాలిఫోర్నియా ఆ కుర్చీలో కుదురుకోకుండానే ఫ్లోరిడా వెళ్ళి, యజమానురాలిని ఒప్పించి, మొత్తం కంపెనీకే అధిపతి అయ్యాడు. అప్పుడు అదే ఆఫీసులో పనిచేసే ఆండీ మేనేజరయ్యాడు. ఆండీ ఊరు వెళితే నెల్లీ అనే ఆవిడ వచ్చి అతని కుర్చీలో కూర్చుంది. ఏడాది తిరిగేలోపు ఆరుగురు! ప్రేక్షకుడు ఎవరి మీద మమకారం పెంచుకోవాలి?

కారెల్ లేకపోవడంతోనే ఇదంతా చెడిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కుర్చీ ఖాళీ కావడం తప్పు కాదు, ఆ కుర్చీ ఆకారంలో ఉన్న మనిషి కోసం వెతకడం తప్పు. మైకేల్‌కు అందరి ప్రేమా కావాలి, దానికోసం ఎంత పిచ్చిపనైనా చేస్తాడు. ఆండీ చేత అదే చేయించారు. కానీ మైకేల్ మనకు ఒక్కరోజులో దగ్గర కాలేదు. 2005లో వచ్చిన మొదటి సీజన్ ఆరు భాగాలే. అందులో అతను బ్రిటిష్ మూలంలోని రికీ జర్వేస్ పాత్రకు నీడలా, కాస్త కటువుగా ఉంటాడు. రెండో సీజన్‌లోనే అతనికి మెత్తదనం ఇచ్చారు. అమ్మకాల పనిలో నిజంగా సమర్థుడని చూపించారు. ఆ ఎదుగుదలను మనం ఏళ్ళ తరబడి చూశాం. ఆండీకి అంత వ్యవధి ఇవ్వకుండా అంత ప్రేమ అడిగారు.

దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. కొరియా యుద్ధంలోని సైనిక ఆసుపత్రి కథతో 1972 నుంచి 1983 వరకు నడిచిన ‘మ్యాష్’ ధారావాహికలో కమాండరు హెన్రీ బ్లేక్ అందరితో కలిసిపోయే మెతక మనిషి. 1975లో ఆ నటుడు మానుకున్నప్పుడు పాత్రను ఇంటికి పంపించి, దారిలో విమానం కూలి చనిపోయినట్టు రాశారు. ప్రేక్షకుల నుంచి కోపంతో ఉత్తరాలు వెల్లువెత్తాయి. కానీ తర్వాతి సీజన్‌లో ఇంకో మెతక మనిషిని తేలేదు. గుర్రాలంటే ప్రాణమిచ్చే, మొదటి ప్రపంచ యుద్ధం చూసిన కర్నల్ పాటర్‌ను తెచ్చారు. క్రమశిక్షణ గల పెద్దాయన. దానితో మిగిలిన డాక్టర్ల అల్లరి కూడా కొత్త తీరులో సాగింది. మనిషి మారితే చుట్టూ ఉన్నవారి నడత మారాలి, అది రాసినవారికి తెలుసు.

ఇంకొక్క విషయం, ఇది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. కారెల్ వెళ్ళిపోవాలని పట్టుబట్టలేదనీ, ఉండమని ఆయనను గట్టిగా అడిగినవారే లేరనీ ఆ సెట్‌లో పనిచేసినవారు కొందరు 2020లో వెలువడిన ఒక పుస్తకంలో చెప్పారు. మా సూపరింటెండెంటు గారి వీడ్కోలు సభలో పూలదండ, శాలువా, మూడు ప్రసంగాలు ఉన్నాయి. మరుసటి రోజు ఆ గది తాళం ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియలేదు. మైకేల్ తన చివరి రోజు రేపని అందరికీ చెప్పి, ఆ రోజే వెళ్ళిపోతాడు. ఆ ఆఫీసు మీద ఎవరో డాక్యుమెంటరీ తీస్తున్నట్టు నడిచే కథ కదా, విమానాశ్రయంలో చొక్కాకున్న మైకు తీసి ఇచ్చేస్తాడు. ఆ తర్వాత ఆఫీసులో పనిచేసే పామ్ పరుగున వచ్చి అతన్ని కౌగిలించుకుని ఏం చెప్పిందో మనకు వినిపించదు. మీరు ఏడ్చింది అక్కడే అయి ఉంటుంది. నేనూ అక్కడే ఏడ్చాను.

ఇక తొమ్మిదో సీజన్. అమెరికాలో ఈ ధారావాహికకు రూపమిచ్చిన గ్రెగ్ డేనియల్స్ తిరిగి వచ్చి పగ్గాలు పట్టుకున్నారు. పామ్ భర్త, ఆమెతోపాటే పనిచేసే జిమ్ ఫిలడెల్ఫియాలో కొత్త వ్యాపారం పెట్టుకుంటాడు, పామ్ ఇద్దరు పిల్లలతో స్క్రాంటన్‌లో ఉంటుంది. ఉద్యోగం ఒక ఊళ్ళో, కాపురం ఒక ఊళ్ళో. ఆ జంట మధ్య గొడవలు చూపించినందుకు, ఏడుస్తున్న పామ్‌ను ఓదార్చడానికి డాక్యుమెంటరీ బృందంలో మైకు పట్టుకునే బ్రయన్‌ను తెరమీదికి తెచ్చినందుకు ఎందరో ప్రేక్షకులు మండిపడ్డారు. బ్రయన్ నాకూ అనవసరమనిపించాడు. కానీ ఆ గొడవలు అవసరం. వారాంతానికి బస్సు దిగి ఇంటికొచ్చే భర్తతో మొదటి గంట ఎంత ఇబ్బందిగా గడుస్తుందో తెలిసినవాళ్ళకు ఆ ఫోను సంభాషణలు నిజమనిపిస్తాయి. ఎనిమిదో సీజన్‌లో మీకు నచ్చని భాగాలు వదిలేసినా నష్టం లేదు, తొమ్మిదిలో మాత్రం ఒక్కటి కూడా వదలకండి. ఆ కుర్చీ చివరికి ఎవరిదవుతుందో నేను చెప్పను.

ప్రశ్న: మేడమ్, ప్రేక్షకులు అలిగినా, అడిగినా తయారుచేసేవారు పట్టించుకుంటారా? అభిమానుల మాటకు విలువ ఉందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఏలూరు

జవాబు: ఉంది, కొన్నిసార్లు చాలా వేగంగా కూడా. న్యూయార్క్‌లోని ఒక పోలీస్ స్టేషన్ చుట్టూ నడిచే ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ను 2018 మే 10న ఫాక్స్ ఛానల్ రద్దు చేసింది. అభిమానులు పెద్ద ఎత్తున గోల చేశారు. మరుసటి రోజే మరో ఛానల్ ఎన్‌బీసీ దాన్ని తీసుకుంది. ఆ తర్వాత ఇంకా మూడు సీజన్లు వచ్చాయి. అయితే కథ ఎటు వెళ్ళాలన్నది రాసేవారికే వదలాలని నా అభిప్రాయం. జిమ్, పామ్ ఎప్పుడూ నవ్వుతూనే ఉండాలని అభిమానులు కోరుకున్నారు. అలాగే రాసి ఉంటే ఆ పెళ్ళి గోడమీది ఫోటోలా ఉండిపోయేది.

ప్రశ్న: నటుడు మానుకోవడం వేరు. నడుస్తుండగానే చనిపోతే ఏం చేస్తారు? ఇక్కడ డాలస్‌లో నేను పనిచేసే చోట ఈ మధ్య ఒక పెద్దాయన పోయారు. ఆయన బల్ల మీద వేరేవాళ్ళ కంప్యూటర్ చూసినప్పటి నుంచి ఈ ప్రశ్న మనసులో తిరుగుతోంది.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ మాట చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టాను, అమ్మా. బోస్టన్‌లోని ఒక బార్‌లో పనిచేసే మనుషుల కథ ‘చీర్స్’. 1982లో మొదలైంది. అందులో కోచ్ అనే అమాయకపు పెద్దాయన ఉండేవాడు. ఆ పాత్ర వేసిన నికొలస్ కొలసాంటో 1985 ఫిబ్రవరిలో, మూడో సీజన్ నడుస్తుండగా మరణించారు. అలాంటి పెద్దాయనను ఇంకొకరిని వెతికి తేలేదు. తర్వాతి సీజన్‌లో ఇండియానా నుంచి వూడీ అనే పల్లెటూరి కుర్రాడు కోచ్‌ను వెతుక్కుంటూ బార్‌లోకి వస్తాడు. ఇద్దరూ కలం స్నేహితులట. అంటే ఉత్తరాలు కాదు, ఒకరికొకరు నిజంగా కలాలే పంపుకున్నారట! కోచ్ ఇక లేడన్న వార్త వూడీకి చెప్పడంతో ప్రేక్షకులకూ చెప్పినట్టయింది, ఖాళీ అయిన చోటులోకి కోచ్‌ను ప్రేమించిన మనిషే వచ్చినట్టయింది.

కొలసాంటో తన గదిలో అమెరికా ఆదివాసీ యోధుడు జెరోనిమో ఫోటో ఒకటి పెట్టుకునేవారు. ఆయన పోయాక దాన్ని తెచ్చి బార్ సెట్ గోడకు తగిలించారు. ఎనిమిదేళ్ళు అది అక్కడే ఉంది. 1993లో చివరి భాగం ఆఖరున, అందరూ వెళ్ళిపోయాక యజమాని సామ్ ఒక్కడే ఆ గోడ దగ్గరికి నడిచి, ఒరిగి ఉన్న ఆ ఫోటోను సరిచేస్తాడు.