ముందు పుట్టిన ఏడాది అడుగు

అమ్మాయీ,

'అరవైల తరానిది బీటిల్స్, ఎనభైల తరానిది మైకేల్ జాక్సన్' అని, ఏ తరానికి ఏ పాటగాళ్లు అభిమానమో చెప్పే నీ వ్యాసం మొదటి వాక్యంలోనే తేల్చేశావు. చదవడానికి బాగుంది గానీ, పాట వచ్చిన ఏడాదినే తరం అనుకున్నావు. లెక్క మొదలుపెట్టాల్సింది విన్నవాళ్లు పుట్టిన ఏడాది నుంచి.

అమెరికాలో 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్లందర్నీ బేబీ బూమర్లంటూ ఒకే గాటన కడతారు. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీ కార్యక్రమం ఎడ్ సలివాన్ షోలో బ్రిటిష్ బృందం బీటిల్స్ పాడితే సుమారు 7.3 కోట్ల మంది టీవీలో చూశారు. 1946లో పుట్టిన కుర్రాడికి అప్పుడు 17, 18 ఏళ్లు. 1964లో పుట్టినవాడు ఉయ్యాల్లో ఉన్నాడు, లేదా ఇంకా పుట్టనే లేదు. వాడికి 17 వచ్చే వేళకి, 1981 ఆగస్టులో, పాటల వీడియోల టీవీ చానల్ ఎంటీవీ మొదలైంది. ఇద్దరికీ ఒకే హీరోని ఎలా అంటగడతావు? ఐదేసి ఏళ్ల చొప్పున విడగొట్టుకో.

అభిరుచి 'టీనేజీలో' గట్టిపడుతుందని రాసి ఊరుకోకు. హోల్‌బ్రుక్, షిండ్లర్‌లనే పరిశోధకులు 1989లో అచ్చువేసిన అధ్యయనంలో, 1932–86 మధ్య వచ్చిన 28 పాటల ముక్కలు 108 మందికి వినిపించి మార్కులు వేయమన్నారు. తమకు 24 ఏళ్లప్పుడు వచ్చిన పాటలకి ఎక్కువ పడ్డాయి. 2018లో సేత్ స్టీఫెన్స్-డేవిడోవిట్జ్ అనే డేటా పరిశోధకుడు, పాటలు వినే యాప్ స్పాటిఫై లెక్కలు తిరగేస్తే, ఇష్టపడే పాటలు వచ్చినప్పటి వయసు మగవాళ్లకి 14, ఆడవాళ్లకి 13 అని తేలింది. పదేళ్ల తేడా! ఒకచోట వినిపించి అడిగారు, ఇంకోచోట అడక్కుండా, జనం పెట్టుకుని వింటున్నదే చూశారు. రెండూ రాయి, ఎలా కొలిచారో కూడా రాయి. సగటు తీసి 19 అని మాత్రం రాయకు, ఆ అంకె ఎవరూ కొలవలేదు.

క్రమ్‌హాన్సల్, జుప్నిక్‌లనే పరిశోధకుల 2013 అధ్యయనంలో కాలేజీ పిల్లలు తమ అమ్మానాన్నల వయసుకాలపు పాటలమీదా మక్కువ చూపారు. కాబట్టి ఇరవయ్యేళ్ల పిల్ల బీటిల్స్ అంటే కొట్టేయకు. మొదట ఎవరు పెట్టగా విన్నదో అడుగు.

జనాన్ని 'మీ అభిమాన గాయకుడెవరు?' అంటే పరువైన పేరొకటి చెబుతారు. 'తడుముకోకుండా చివరిదాకా పాడగలిగే పాటేది?' అను. ఏ ఏడాది విన్నారంటే తికమకపడతారు, ఏ క్లాసులో ఉన్నారంటే ఠక్కున చెబుతారు. వయసు అక్కణ్ణుంచి నువ్వే కట్టుకోవచ్చు. పుట్టిన ఏడాది, పాట, విన్న వయసు, వినిపించినవాళ్లు: నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసుకో. నాలుగో గడి నిండాక ఆ మొదటి వాక్యం మళ్లీ రాద్దువుగాని.